నీరటి ఇంటికి ఎకరం తరి

ఆ ఏడు వాన మొహం చాటేసింది. మా చెరువు తూము రాతి మీద పన్నెండు గీతలు ఉంటాయి. మామూలు ఏడాది పన్నెండూ మునిగి, అలుగు దుంకి, కింది వాగులో చేపలు పట్టేవాళ్ల అరుపులు ఊళ్లోకి వినిపించేవి. అరవై అయిదులో నీళ్లు నాలుగో గీత దాటలేదు. అలుగు రాళ్ల మీద మేకలు పడుకున్నాయి.

మా మామ మైసయ్య ఆ చెరువుకు నీరటి. తూము తీసేదీ మూసేదీ ఆయనే. ఎవరి పొలానికి ఎంతసేపు నీళ్లు పోవాలో చూసి, కాలువ గట్టుకు ఉన్న ఆ పొలం మడవ తెరిచేదీ, వంతు కాగానే మట్టి వేసి కట్టేదీ ఆయన పారే. అరవై మంది రైతుల్లో ఒక్కరు కూడా మడవ మీద సొంతంగా చెయ్యి వేయకూడదు. అందుకు కోతలప్పుడు ప్రతి రైతూ వరి కట్టలు మేరగా ఇచ్చేవాళ్లు. మా ఇంటిల్లిపాదీ ఆ మేర మీదే బతికాం.

ఇంకొక కట్టు ఉండేది. నీరటికి ఆ చెరువు కింద జానెడు భూమి కూడా ఉండకూడదు. భూమి ఉన్నవాడి చేతిలో పార పెడితే నీళ్లు ముందు ఎటు పోతాయో ఎవరికి తెలియదు? అందుకే ఎప్పుడూ భూమి లేని మా వాడకే ఆ పార ఇచ్చారు. మామ ఆ మాట చెప్పుకునేటప్పుడు మెడ కొంచెం నిటారయ్యేది. నాకు ఒళ్లు మండేది. భూమి లేకపోవడం కూడా ఒక గొప్పేనా అని మా అత్త సాలమ్మను ఆడిపోసుకునేదాన్ని. "నన్నెందుకు అంటవే, పోయి ఆయన్నే అడుగు" అనేది ఆమె. ఆయన్ని అడిగే ధైర్యం నాకుండేది కాదు.

నేను నల్గొండ మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదివాను. మా వాడలో అక్షరం వచ్చిన ఆడది నేనొక్కదాన్నే. నా పెనిమిటి సైదులు అప్పటికి రెండేళ్లుగా నాగార్జునసాగర్ కట్ట మీద రాళ్లు మోస్తున్నాడు, ఆ కూలి అక్కడి తిండికే సరిపోయేది. ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ యాసంగి పంటప్పుడు జరిగిన పాడుపనికి నా చదువే పనికొచ్చింది.

నాట్లకు ముందు రైతులంతా చెరువు కట్ట మీద కూర్చునే రోజు వచ్చింది. మామ గోచీ బిగించి తూములోకి దిగి, గీత మీద వేలు పెట్టి చూసి పైకి వచ్చాడు. అందరూ ఆయన నోటికేసి చూస్తున్నారు. నేను అంబలి ముంతతో కట్ట దిగువన నిలబడ్డాను.

"ఏం మైసా, ఎంతకు పారుతది?" అని సర్పంచ్ బుచ్చిరెడ్డి అడిగాడు. చెరువు కింద అందరికంటే ఎక్కువ భూమి ఆయనదే. తూముకు ఆనుకుని ఏడెకరాలు.

"మూడో వంతుకే పారుతది పటేలా. అంతకు మించి నాటితే చైత్రంల ఎండుతది."

"సగానికి రాదా?"

"రాదు."

"జర సూసి చెప్పు."

"సూసే చెప్తున్న."

బుచ్చిరెడ్డి నవ్వాడు. ఆయన నవ్వు బాగుంటుంది, ఆ నవ్వుకే సగం ఓట్లు పడ్డాయి. "మైసయ్య మాట అంటే మాటే. దామాషా పెట్టుకుందాం" అన్నాడు.

నీళ్లు తక్కువైన ఏడు చిన్నా పెద్దా అందరూ తమ భూమిలో ఒకే వంతు నాటుకోవడాన్ని దామాషా అంటారు. ఏడెకరాల ఆసామికి రెండెకరాల చిల్లర. కాలువ కొసన ఎకరం ఉన్న గోపమ్మకు పదమూడు గుంటలు. గోపమ్మ మొగుడు పోయిన మనిషి, ఇద్దరు ఆడపిల్లలను వెంటేసుకుని సేద్యం చేసేది. ఆమె లేచి, "పదమూడు గుంటలైనా సరే. గవ్వన్న పండేదాక నీళ్లస్తయని చెప్పు మైసయ్యా. మల్ల నాటినంక ఎండితే మేం బతకం" అంది.

"పండుతయమ్మా. నీ కొస మడిదాక నీళ్లు దెస్త. ఈ పార మీద ఒట్టు."

మామ ఒట్టు పెట్టడం నేను వినడం అదే మొదలు, అదే ఆఖరు.

నాట్లకు నేనూ బుచ్చిరెడ్డి పొలంలోకి కూలికి పోయాను. రెండెకరాలు అయ్యాయి, మూడు అయ్యాయి, ఆయన ఆపమనలేదు. ఏడెకరాలూ నాటించాడు. సాయంత్రం నడుము పట్టుకుని ఇంటికి వచ్చి ఆ సంగతి మామకు చెప్పాను. ఆయన చేతులు కడుక్కుని గట్క తిన్నాడు.

మర్నాడు బుచ్చిరెడ్డి వంతు. మామ కట్ట మీద పుల్ల పాతి దాని నీడ చూసుకుంటూ, రెండెకరాల చిల్లరకు సరిపడా పారగానే మడవ కట్టేశాడు. బుచ్చిరెడ్డి జీతగాడు భిక్షం వచ్చి తెరిచాడు. మామ మళ్లీ కట్టాడు. భిక్షం మా వాడవాడే, సైదులుకు వరసకు తమ్ముడు. "పెద్దనాయినా, పటేలు నన్ను కొడతడే" అని ఏడ్చినంత పని చేశాడు. చివరికి బుచ్చిరెడ్డే వచ్చాడు.

"నాటింది నిజమే మైసా. ఒప్పుకుంటున్న. వచ్చే ఏడు అసెంబ్లీ ఓట్లు. ఊరికి కరెంటు దెచ్చేది నేను, సడక్ ఏపించేది నేను. తూము కింద నా పొలమే ఎండితే నా ఇజ్జత్ ఏం గావాలె?"

"మీ వంతు మీకిచ్చిన పటేలా. మిగిలినయి మీయి గావు, నాయి గావు."

వారం తిరక్కుండా జీపులో ఒక ఓవర్సీయరు దిగాడు. ఏ ఊరి నుంచి వచ్చాడో, ఎవరు పంపారో మాకు చెప్పలేదు. కట్ట మీద మామను నిలబెట్టి, సర్పంచ్ మాట వినకపోతే తీసేస్తానన్నాడు. మామ చేతులు కట్టుకునే నిలబడ్డాడు గానీ మాట మాత్రం తడబడలేదు.

"నన్ను మీరు పెట్టలే సారూ. ఆయకట్టోళ్లు పెట్టిన్రు. అందరు గీ కట్ట మీద గూసోని, ఒక్కరు తప్పకుంట పార ఇడువుమంటే ఇడుస్త. ఒక్కరంటే ఇడువ."

ఓవర్సీయరు తిరిగి జీపెక్కాడు. బుచ్చిరెడ్డి మాత్రం ఆ మాట శ్రద్ధగా విన్నాడు. అరవై మందినీ ఒక్క మాట మీదికి తేవాలంటే దారి ఒకటే ఉందని ఆయనకు ఆ పూటే తట్టి ఉంటుంది. ఇంత చదువుకున్న నాకు తట్టలేదు.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం బుచ్చిరెడ్డి మా వాడకు వచ్చాడు. ఓట్లప్పుడు తప్ప ఆయన అటు తొక్కి ఎరగడు. ఇంటి ముందు మంచం వాల్చి, మా అత్త దాని మీద కొత్త బొంత పరిచింది. ఆయన కూర్చున్నాడు. మా మంచం మీద కూర్చున్నాడు! వాడంతా గడపల్లోకి వచ్చి చూసింది.

"సర్కారు భూమి లేనోళ్లకు లావణి పట్టాలిస్తాంది. మీ సైదులు పేరు నేనే ఎక్కిచ్చిన. ఎకరం. మైసయ్య నామీద కోపం పెట్టుకున్నా, నాకైతే లేదు" అని జేబులోంచి కాగితం తీసి నా చేతికిచ్చాడు. "నువ్వు సదివినదానివి గద పిల్లా. సదువు."

సైదులు, తండ్రి మైసయ్య. సర్వే నంబరు. విస్తీర్ణం ఒక ఎకరం. ఆ పక్క గడిలో నేల రకం రాసి ఉంది. మెట్ట అయితే ఖుష్కి అని రాస్తారు. చెరువు నీళ్లు పారే నేల అయితే తరి అని రాస్తారు. అక్కడ తరి అని ఉంది.

నేను తలెత్తి చూశాను. బుచ్చిరెడ్డి కాగితం వైపు చూడటం లేదు, నా మొహం వైపు చూస్తున్నాడు.

"ఏం, సక్కగున్నదా?"

"ఉన్నది పటేలా."

"మీ మామకు నువ్వే చెప్పు మంచిగ."

సైదులు బదులు నేను సంతకం పెట్టాను. బడి మానేశాక నా పేరు నేను రాసుకోవడం అదే మొదలు. నాకు ఏం తెలియక పెట్టానని ఇప్పుడు బుకాయించను. నాకు అంతా తెలుసు. పట్టా కొడుకు పేరు మీద, పార తండ్రి చేతిలో, రెండూ వేరు వేరని నాకు నేను చెప్పుకున్నాను. అన్నిటికన్నా, ఒక్క ఎకరం మాదనే మాట విన్నాక అది వదులుకునే శక్తి నాలో లేదు. బడి మానేసిన నాటి నుంచీ ఒకరి బురదలో వంగిన నడుము నాది.

పొద్దుగూకే వేళకు మామ వచ్చాడు. అత్త ఎదురుపోయి చెప్పింది. ఆయన పార గోడకు ఆనించి, "ఏడ?" అని అడిగాడు.

"గుట్ట కాడ మామా. ఖుష్కి" అన్నాను.

నాలుక తడబడలేదు. అంత తేలిగ్గా అబద్ధం వస్తుందని నాకే తెలియదు.

మామ కాళ్లు కడుక్కుని వచ్చి కాగితం అందుకున్నాడు, తలకిందులుగా పట్టుకున్నాడు. "మనోని పేరు ఏడున్నది బిడ్డా?" అన్నాడు. ఆయన వేలు పట్టుకుని సైదులు పేరు మీద పెట్టాను. తడి వేలు, కాగితం మీద మరక పడింది. ఆ వేలితోనే కదా తూము గీత చూసేది. "ఖుష్కి అయితే మంచిదే. జొన్నలేసుకుందాం" అని నవ్వాడు. ఆయన పళ్లు అన్నీ కనబడేలా నవ్వడం చూసి పిల్లలు కూడా నవ్వారు. 

అయిదు రోజులకు దండోరా వేశారు. ఆయకట్టు రైతులంతా మళ్లీ కట్ట మీదకు. ఈసారి నన్ను కూడా రమ్మన్నారు, కాగితం తెమ్మన్నారు.

బుచ్చిరెడ్డి లేచి, మైసయ్య మీద తనకేమీ ద్వేషం లేదని, పెద్దల కట్టు మాత్రం పెద్దలదేనని మొదలుపెట్టాడు. నీరటి ఇంటికి చెరువు కింద భూమి వచ్చిందనీ, ఇక ఆ పార సంగతి ఆయకట్టే తేల్చాలనీ అన్నాడు. భూమి ఇప్పించిందెవరో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

రైతుల్లో అందరికన్నా పెద్దవాడు గురవయ్య. చెరువు నీళ్లకు ఎన్నడూ వంతు తప్పి ఆశపడని మనిషి. "నిజమేనా మైసా?" అన్నాడు.

"భూమొచ్చింది నిజమే. గుట్ట కాడ ఖుష్కి. చెరువు నీళ్లకు దానికి పొత్తే లేదు" అని మామ నా వైపు తిరిగాడు. "నాగులూ, సదివి ఇనిపియ్యి బిడ్డా."

కాగితం తెరిచాను. దాని మీద ఆయన వేలి మరక అలాగే ఉంది. ఆ మరక దగ్గరే నా చూపు ఆగిపోయింది. ఆయన మళ్లీ, "సదువు" అన్నాడు.

"తరి మామా" అన్నాను.

ఆయన నన్ను తిట్టలేదు. కొంచెంసేపు చెరువులోకి చూశాడు, అంతే.

గురవయ్యే మాట్లాడాడు. "నీ మీద నాకు అనుమానం లేదు మైసా. గని రేపు నువ్వు ఎవలి మడవ కట్టినా, గా ఎకరం కోసమేనా అని నా కొడుకే అడుగుతడు. నేనేం చెప్పాలె ఆనికి?"

"ఏం చెప్తవ్. నేనైనా గదే అడుగుత" అన్నాడు మామ.

నాకు పిచ్చెక్కినట్టయింది. "మాకద్దు గీ భూమి! ఇప్పుడే చింపేస్త!" అని అరిచాను.

"సర్కారు కాయితం చింపితే జేలుకు పోతవ్" అన్నాడు బుచ్చిరెడ్డి, ఎంతో నెమ్మదిగా.

"చింపకు బిడ్డా. చింపినా అబద్ధం పోదు" అన్నాడు మామ. ఆ మాట నాకు ఒక్కదానికే వినపడేలా అన్నాడు.

తర్వాత ఒక్కొక్కరినీ అడిగారు. మామ దగ్గర పార తీసేసుకోవడానికి ఒప్పుకున్నట్టు ఒక్కొక్కరే చెప్పారు. గోపమ్మ చివర. ఆమె కొంగు మొహం మీదికి లాక్కుని, "ఒప్పుకున్న" అంది. మామ పార తెచ్చి గురవయ్య కాళ్ల దగ్గర పెట్టి, దాని మీద ఎండిన మట్టిని బొటనవేలితో రాల్చి, ఇంటికి నడిచాడు.

ఆ పార భిక్షంకు ఇచ్చారు. భిక్షంకు జానెడు భూమి లేదు, కట్టు ఎక్కడా తప్పలేదు. కాకపోతే రెండు పూటలా అతను తినేది బుచ్చిరెడ్డి ఇంట్లో. తిండి గురించి మా పెద్దల కట్టులో ఒక్క మాట కూడా లేదు.

ఇక ఆ పైన రోజులు గడవడం కష్టమైంది. మేర రాదు. అత్త నాతో మాట్లాడటం మానేసింది. మామ మాత్రం అలవాటు చొప్పున తెల్లవారగానే కట్ట మీదికి పోయి గొంతుక్కూర్చునేవాడు. చేతులు మోకాళ్ల మీద వేలాడుతుండేవి, వాటితో ఏం చేయాలో ఆయనకు తెలిసేది కాదు. అటు పోయే భిక్షంకు ఏమీ చెప్పేవాడు కాదు, అడిగితే తప్ప.

పిల్లలకు తిండి కావాలి. నేను ఆ ఎకరంలోకి దిగాను. అది గోపమ్మ పొలానికి సరిగ్గా పైన, ఎన్నో ఏళ్లుగా పడావు పడి ఉన్న నేల. పది గుంటలు తవ్వి, బుచ్చిరెడ్డి మళ్లలో మిగిలిపోయిన ముదురు నారు తెచ్చి నాటాను. మామ ఆ నేల మీద కాలు పెట్టలేదు. ఒకసారి రమ్మని పిలిస్తే, "నేను రాను బిడ్డా" అన్నాడు.

బుచ్చిరెడ్డి ఏడెకరాలు తాగాక కాలువలో మిగిలేది తేమ మాత్రమే. కొసకు నీళ్లు రాలేదు. నేను కుండలతో చెరువు నుంచి మోసి మొక్క మొక్కకూ పోశాను. పక్కనే గోపమ్మ, ఆమె బిడ్డలు కూడా కుండలు మోసేవాళ్లు. ఒకే గట్టు మీద ఎదురెదురుగా వచ్చి, పక్కకు జరిగి దారిచ్చుకునేవాళ్లం గానీ నోరు విప్పేవాళ్లం కాదు. వరికి కుండతో నీళ్లు పోయడం! ఎండకు నెత్తి మీద కుండ కాలేది. గోపమ్మ వరి పొట్ట మీదికి వచ్చింది, నాది ఇంకా పిలకలు వేస్తోంది. ఒక్క మంచి తడి దొరికితే ఏదో ఒకటి బతుకుతుంది. రెండూ బతకవని ఇద్దరికీ తెలుసు.

చైత్రం పున్నమి దాటాక ఒక పొద్దున భిక్షం వచ్చాడు.

"వదినె, గిదే ఆఖరి తడి. రేపటికి తూము ఎండుతది. నీళ్లు మొత్తం మీ పొలానికే కట్టమన్నడు పటేలు."

"వంతు గోపమ్మది గద?"

భిక్షం పార మీద చేతులు అటూ ఇటూ మార్చుకున్నాడు. "గామెదే. గని ఓట్లొస్తున్నయంట. మన వాడోళ్లకు నీళ్లిప్పిచ్చిన్నని చెప్పుకోవాలంట. నేనేం జెయ్యాలె వదినె, చెప్పు."

 కిందటి రాత్రి చిన్నది ఆకలికి తన చెయ్యి తానే చీకుతూ పడుకుంది. గోపమ్మ గట్టు మీదే ఉంది, బిడ్డలు పక్కనే. మేం మాట్లాడుకునేది వాళ్లకు వినిపిస్తోంది.

"మాకే కట్టు" అన్నాను.

నీళ్లు వచ్చాయి. ముందు నురగ, ఎండుటాకులు, ఆ వెనక ఎర్రటి నీళ్లు. నెర్రెల్లోకి దిగుతూ బుడబుడమని చప్పుడు చేశాయి. నేను గట్టు మీద కూలబడి రెండు చేతులూ అందులో పెట్టాను. గోపమ్మ వైపు తల తిప్పలేదు. తిప్పితే చచ్చిపోతానేమో అనిపించింది.

కాలువ వెంబడి మామ రావడం కనిపించింది. నీళ్లు కదిలితే వెంట నడవడం ఆయన కాళ్లకు తెలిసిన పని. మా గట్టు దాకా వచ్చి ఆగాడు. ఆ తర్వాత మొదటిసారి ఆ నేల మీద అడుగుపెట్టాడు.

"ఎవలి వంతురా?"

భిక్షం నా వైపు చూశాడు. మామ నన్ను అడిగాడు.

"పొలం ఎండుతాంది మామా. పిల్లలేం తింటరు?"

"ఎవలి వంతు బిడ్డా?"

"గోపమ్మది" అన్నాను.

భిక్షం చేతిలో పార ఉంది. మామ దాని వైపు చెయ్యి చాపలేదు. మోకాళ్ల మీద కూర్చుని, వట్టి చేతులతో గట్టు మట్టి పెకిలించి మడవకు అడ్డం వేయసాగాడు. నీళ్లు తోసేశాయి. మళ్లీ వేశాడు. ముసలి చేతులు, గోళ్లు చీలి నెత్తురొస్తోంది. నేను ఆయన భుజం పట్టి వెనక్కి లాగాను.

"నీకేం హక్కున్నది? నువ్విప్పుడు నీరటివి గావు!"

ఆ మాట నేనే అన్నాను. ఆయన పార పోగొట్టిన నేనే.

మామ నా చెయ్యి విడిపించుకున్నాడు, కోపంగా కాదు. "పార తీసుకున్నరు బిడ్డా. ఒట్టు నా మీదనే ఉన్నది" అని మళ్లీ వంగాడు. తన కాలును మడవకు అడ్డం పెట్టి, కాలి చుట్టూ మట్టి నొక్కాడు. నీళ్లు ఆగాయి. కాసేపు కాలువలో నిలిచి, మెల్లగా గోపమ్మ పొలం వైపు తిరిగాయి. ఆమె అప్పటికీ లేవలేదు. ఆమె పెద్ద బిడ్డ చేతిలోని కుండ కింద పెట్టి ఏడ్వసాగింది. కొస మడి నిండేదాకా మామ అక్కడే ఉన్నాడు, బురదలో ఒక కాలు పాతుకుని.

నా పది గుంటలూ పన్నెండు రోజులకు మాడిపోయాయి. కోసి బర్రెలున్న వాళ్లకు వేశాను. ఆ రోజుల్లో మామను నేను ద్వేషించాను, దాచడం ఎందుకు? ఆయన ముందు గిన్నె పెట్టి మొహం చూడకుండా లేచిపోయేదాన్ని. బుచ్చిరెడ్డి ఏడెకరాల్లో నాలుగున్నర కూడా గింజ పట్టక ముందే ఎండిపోయాయని విన్నాను. సంతోషించడానికి కూడా ఓపిక లేదు.

వైశాఖంలో గోపమ్మ మా ఇంటికి వచ్చింది. నెత్తి మీద ఒక వరి కట్ట. పెద్ద కట్ట, గింజ నిండుగా ఉంది. గడప ముందు దించి, అక్కడే నిలబడింది. మా ఇంట్లో రెండు రోజులుగా తవుడు రొట్టె. పిల్లలు వచ్చి కట్ట పక్కన కూర్చుని గింజలు ఒలుచుకుని నములుతున్నారు.

"మైసయ్యా, మేర" అంది.

మామ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చేతి వేళ్లకు ఇంకా పీలికలు కట్టి ఉన్నాయి. "భిక్షంకు ఇచ్చినవా అమ్మా?" అన్నాడు.

"ఆనికెందుకు? తడి వెట్టింది నువ్వు." ఆమె చెంపలు వేసుకుంది. "ఆ దినం కట్ట మీద నేను గూడ ఒప్పుకుంటి. నా నోరు పడిపోను."

"ఒప్పుకోకుంటే తప్పయితుండె" అన్నాడు మామ. తర్వాత నా వైపు తిరిగాడు. "మేర నీరటిది. నాగులూ, పిల్లల్ని జరుపు. తీస్కపోయి భిక్షంకియ్యి."

అత్త లోపలి నుంచి శాపనార్థాలు పెట్టింది. నేను కట్ట నెత్తికెత్తుకున్నాను. ఎందుకు ఎత్తుకున్నానో తెలియదు, ఎదురు చెప్పడానికి నాకు మొహం లేదంతే. భిక్షం ఇంటికి పోయే దారిలో ఒక పాడుబడ్డ గోడ ఉంది. ఆ గోడ వెనక కట్ట విప్పి, రాలగొట్టుకుని, గింజలు కొంగులో కట్టుకుని పోతే ఎవరికి తెలుస్తుంది? అక్కడ ఆగాను. చాలాసేపు ఆగాను. మెడ నరాలు లాగేశాక మళ్లీ నడిచాను.

కట్ట చూసి భిక్షం మంచం మీంచి లేచాడు. "గిదేంది వదినె?"

"గోపమ్మ మేర."

"నాకెందుకు? గా తడి నేనియ్యలే. నీకెరుకే గద." అతని మొహం నల్లబడింది. "పెద్దనాయిననే ఉంచుకోమను."

"నీరటికే ఇయ్యమన్నడు."

అతను చేతులు ముందుకు చాపి వెనక్కి తీసుకున్నాడు. చివరికి తలపాగా తీసి భుజం మీద వేసుకుని, రెండు చేతులతో కట్ట అందుకున్నాడు. కింద పెట్టలేదు. నేను వాడ మలుపు తిరిగేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

ఇంటికి వచ్చేసరికి మామ అలాగే గోడకు ఆనుకుని ఉన్నాడు.

"ఇచ్చినవా?"

"ఇచ్చిన."

"ఎట్ల తీసుకున్నడు?"

"రెండు చేతులతోటి."

మామ తల ఊపాడు. "అయితే ఆనికి ఇంకా సిగ్గున్నది" అని, పీలికలు కట్టిన చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. పార ఇచ్చిన రోజు ఏడవని మనిషి చిన్న పిల్లాడిలా గట్టిగా ఏడ్చాడు. పిల్లలు భయపడి నా కొంగు పట్టుకున్నారు. నేను ఆయన పక్కన కూర్చోలేదు, కూర్చోవాలనుకున్నాను గానీ కూర్చోలేదు.

ఆ ఎకరం ఇప్పటికీ మాదే. తర్వాత వానలు పడ్డాయి, చెరువు నిండింది, ఆ నేలలో పండిన అన్నమే నా పిల్లలు తిని పెరిగారు. మామ తొమ్మిదేళ్లు బతికాడు. ఆ అన్నం ఆయన కూడా తిన్నాడు, వద్దనలేదు. కానీ ఆ తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా, ఖుష్కి అని ఎందుకు చెప్పినవు బిడ్డా అని నన్ను అడగలేదు. ప్రతి రోజూ అడుగుతాడేమోనని ఎదురు చూశాను.